ఒకే ప్రభుత్వము, వేర్వేరు నేలలు: గోరిమేడు నుండి యానాము వరకు గృహబీమా ఖర్చు



పుదుచ్చేరి పట్టణమునకు వాయవ్య దిశలో, తిండివనము పోవు మార్గమున, తమిళనాడు సరిహద్దును ఆనుకొని గోరిమేడు అను ప్రాంతము కలదు. జిప్‌మర్ వైద్యశాలకు వచ్చి పోవు మన తెలుగువారిలో ఈ పేరు విననివారు అరుదు. తమిళములో ‘మేడు’ అనగా మిట్ట. పేరునకు తగినట్లే ఇది ఎర్రమట్టి మెరక. వాన కురిసినప్పుడు నీరు ఇక్కడినుండి పల్లమునకు దిగిపోవును. ఆ పల్లములోనే పట్టణములోని రెయిన్‌బో నగర్, కృష్ణా నగర్ వంటి వాడలు ఉన్నవి. 2024 నవంబరు 30వ తేదీ రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపమున తీరము దాటినప్పుడు, ఒక్క దినములో 45 సెంటీమీటర్లకు మించిన వర్షము పడి, ఆ వాడలలో ఇండ్లలోనికి నీరు చొచ్చినది. ప్రభుత్వము రేషను కార్డు ఒక్కింటికి 5,000 రూపాయల సహాయము ప్రకటించినది. తడిసిన పరుపులు, కాలిపోయిన నీటి మోటారు, ఉబ్బిన తలుపులు కలిగిన గృహస్థునకు ఆ మొత్తము ఎంతవరకు సరిపడునో మీరే ఊహింపగలరు.

ఇప్పుడు ఒక ఊహా కుటుంబమును తీసికొందము. అన్నగారు ఉద్యోగరీత్యా పుదుచ్చేరి వచ్చి, బ్యాంకు ఋణముతో గోరిమేడులో ఇల్లు కట్టుకొన్నారు. తమ్ముడు యానాములో, తండ్రి విడిచిన స్థలములో, అదే కొలతతో ఇల్లు కట్టుకొని, ముందరి గదిలో ఎరువుల దుకాణము నడుపుచున్నాడు. ఇద్దరును బీమా చేయించదలచినారు. తమ్మునికి చెప్పిన ప్రీమియము ఎక్కువగా ఉన్నది. ‘‘అన్నయ్యా, మనది ఒకే ప్రభుత్వము, ఒకే బ్యాంకు, ఇల్లు కూడ ఒకే కొలత. మరి నాకెందుకు ఎక్కువ?’’ అని అతడు అడిగినాడనుకొందము. ఈ ప్రశ్న సమంజసమైనది. మన పాఠకులలో ఎందరికో ఇదే సందేహము కలుగుచుండును.

ఒకప్పుడు ఈ తేడా లేదు

2006 డిసెంబరు 31 వరకు మన దేశములో అగ్ని బీమా రేట్లను టారిఫ్ సలహా సంఘము నిర్ణయించెడిది. న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్ వీటిలో ఏ సంస్థ వద్దకు పోయినను రేటు ఒక్కటే. 2001 నాటి అఖిల భారత అగ్ని టారిఫ్‌లో భూకంపమునకు మాత్రము మండలములవారీ రేట్లు ఉండెడివి. తుపానుకు, వరదకు అట్టి విభజన లేదు. గోదావరి గట్టు క్రింద ఉన్న ఇంటికిని, గోరిమేడు మిట్టమీది ఇంటికిని ఆ పద్దు క్రింద ఒకే లెక్క. మరొక విధముగా చెప్పవలెనన్న, మిట్టవారు చెల్లించిన సొమ్ముతో కొంత పల్లపువారి నష్టము తీరెడిది.

2007 జనవరి 1 నుండి టారిఫ్ తొలగింపబడినది. నాటినుండి ప్రతి బీమా సంస్థయు ఆస్తి ఉన్న చోటు, కట్టడపు రకము, గత నష్టముల అనుభవము చూచుకొని తన రేటు తానే నిర్ణయించుకొనుచున్నది. సంస్థ చూచు మొదటి సంగతులలో పిన్‌కోడు ఒకటి. గోరిమేడు పిన్‌కోడు 605006. యానాము పిన్‌కోడు 533464, అనగా గోదావరి జిల్లాల వరుసలోనిది. పరిపాలన పుదుచ్చేరిదైనను తపాలా వారి లెక్కలో యానాము ఆంధ్రదేశపు ఊరే. బీమావారికి ప్రభుత్వముతో పని లేదు, నేలతోనే పని.

గాలి లెక్క వేరు, నీటి లెక్క వేరు

గాలి విషయములో అన్నదమ్ముల ఇండ్లకు పెద్ద తేడా లేదు. కట్టడములకు గాలి తాకిడి లెక్కించు భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 875 మూడవ భాగములో పుదుచ్చేరికి సెకనుకు 50 మీటర్లు, అనగా గంటకు 180 కిలోమీటర్ల మూల వేగము ఇవ్వబడినది. నెల్లూరు, విజయవాడ, విశాఖపట్టణములకు కూడ అదే అంకె. గోదావరి తీరము ఆ పట్టీలోనిదే. హైదరాబాదునకు 44 మీటర్లు, కర్నూలునకు 39 మీటర్లు మాత్రమే. 2011 డిసెంబరు 30న థానే తుపాను పుదుచ్చేరి, కడలూరుల నడుమ తీరము దాటినప్పుడు మిట్ట, పల్లము అను భేదము లేక రేకులు లేచిపోయినవి, చెట్లు కూలినవి. మిట్టమీది ఇంటికి గాలి భయము తక్కువని భావించుట పొరపాటు.

నీటి విషయములో దారులు చీలును. యానాము గౌతమీ గోదావరి ఒడ్డున, సముద్రమునకు సమీపమున ఉన్నది. అక్కడ వరద రెండు వైపులనుండి రాగలదు. 1986 ఆగస్టులో భద్రాచలము వద్ద గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు చేరినది. భద్రాచలములో పెరిగిన నీరు క్రిందికి దిగివచ్చుటకు కొంత వ్యవధి పట్టును గాని, రాక మానదు. 2022 జూలైలో యానాము వీధులలో నీరు నిలిచినది. ఇక సముద్రము వైపునుండి 1996 నవంబరు 6 నాటి తుపాను యానామునకును, కోనసీమకును చేసిన నష్టమును ఆ ప్రాంతపు పెద్దలు నేటికిని మరువలేదు. తమ్ముని ప్రశ్నకు జవాబు ఈ నీటిలోనే ఉన్నది.

తక్కిన రెండు ప్రాంతముల సంగతి క్లుప్తముగా చెప్పుకొందము. కావేరి డెల్టాలోని కారైకాలు 2004 డిసెంబరు 26 నాటి సునామీలో తీవ్రముగా దెబ్బతిన్నది. మాహే పడమటి తీరమున, కేరళ నడుమ ఉన్నది. అక్కడ గాలి వేగపు అంకె తక్కువ.

తేడా ఎంత?

గృహస్థులు ఎక్కువగా పొరబడునది ఇచ్చటనే. స్థలము విలువ బీమాకు చేరదు. వరద వచ్చినను స్థలము అక్కడనే ఉండును. మరల కట్టుటకు అయ్యెడి వ్యయమే బీమా మొత్తము. ఇంటి లోపలి నేల వైశాల్యమును, నేటి నిర్మాణపు రేటుతో హెచ్చవేయవలెను. ప్రహరీ, పశువుల కొట్టము వంటివి ఉన్న వేరుగా చేర్పించవలెను. అన్నదమ్ముల ఇండ్లు 800 చదరపు అడుగులు, నిర్మాణపు రేటు అడుగునకు 2,000 రూపాయలు అనుకొన్న, విలువ 16 లక్షలు.

కేవలము లెక్క కొరకు అన్నగారి రేటు వేయి రూపాయలకు 40 పైసలు, తమ్మునిది 60 పైసలు అనుకొందము. ఇవి ఏ సంస్థ రేట్లును కావు. భవనపు విలువపై అన్నగారికి 640 రూపాయలు, దానిపై 18 శాతము జి.ఎస్.టి. చేర్చగా 755 రూపాయల 20 పైసలు. తమ్మునికి 960 రూపాయలు, పన్నుతో 1,132 రూపాయల 80 పైసలు. తేడా సాలుకు 377 రూపాయల 60 పైసలు, అనగా రోజునకు రూపాయి పైచిలుకు. రేటు ఒకటిన్నర రెట్లు అని వినినప్పుడు గుండె జారును. రూపాయలలో చూచిన అంత భయము లేదు. ‘ప్రీమియము ఎక్కువ’ అని బీమా మానివేయు యానాము గృహస్థునకే దాని అవసరము ఎక్కువ అనుట మరువరాదు.

అమెరికాలో స్థిరపడిన మనవారిని అడిగిన, అక్కడి తేడాలు వేరు స్థాయిలో ఉండును. ఫ్లోరిడాలో తీరపు కౌంటీకిని, లోపలి కౌంటీకిని ప్రీమియము ఎంతో మారును. ప్రైవేటు సంస్థలు నిరాకరించిన ఇండ్లకు 2002లో ఏర్పడిన సిటిజన్స్ అను ప్రభుత్వ సంస్థ ఆధారము. పైగా అక్కడి సాధారణ గృహబీమాలో వరద చేరదు. దానికి వేరే పాలసీ కొనవలెను. ఈ ఒక్క విషయములో మనము మెరుగే.

భారత్ గృహ రక్ష

2021 ఏప్రిల్ 1 నుండి అగ్ని బీమా వ్యాపారము చేయు ప్రతి సాధారణ బీమా సంస్థయు ‘భారత్ గృహ రక్ష’ అను ప్రామాణిక పాలసీని అమ్మవలెనని నియంత్రణ సంస్థ ఆదేశించినది. షరతులు అందరివీ ఒక్కటే. ప్రీమియము మాత్రము సంస్థను బట్టి మారును. కాబట్టి రెండు మూడు సంస్థల ధరలు పోల్చుట నేడు సులభము. అగ్ని, పిడుగు, భూకంపము, తుపాను, సునామీ, వరద, కొండచరియలు విరుగుట ఇందు చేరియున్నవి. ఇంటి సామగ్రికి భవనపు విలువలో 20 శాతము, 10 లక్షలకు మించకుండ, తనంత తానే రక్షణ లభించును. మన లెక్కలో అది 3 లక్షల 20 వేలు. పాలసీని పది సంవత్సరముల వరకు ఒకేసారి తీసికొనవచ్చును. బీమా మొత్తము ఏటా 10 శాతము పెరుగును.

పూర్వపు పాలసీలలో ఇంటి విలువకు సగమే బీమా చేసిన, నష్టములో సగమే ఇచ్చెడివారు. గృహ రక్షలో ఆ కోత లేదు. అయినను చెల్లింపు బీమా మొత్తమును దాటదు.

చేరనివి కూడ తెలిసికొనవలెను. నదీ తీరపు కోత, సముద్రపు కోత వలన నేల క్రుంగి కలిగిన నష్టము ఇందు చేరదు. కొత్త కట్టడములో సహజముగా వచ్చు పగుళ్లును చేరవు. గోదావరి ఒడ్డువారు, పుదుచ్చేరి తీరపు జాలరి గ్రామములవారు ఈ మాటను ప్రత్యేకముగా గమనింతురుగాక.

తాటాకు, గడ్డి, వెదురు, టార్పాలిన్ వంటివాటితో గోడలు గాని కప్పు గాని ఉన్న ఇల్లు ‘కచ్చా’ కట్టడముగా పరిగణింపబడును. ఆ సంగతి దరఖాస్తులోనే వ్రాయవలెను. డాబా వెనుక తాటాకు వసారా ఉన్నను దాచరాదు. 1988లో ప్రభుత్వము పేదల గుడిసెలకు అగ్ని బీమా పథకము ప్రవేశపెట్టినప్పుడు గుడిసెకు 1,000 రూపాయలు, సామానుకు 500 రూపాయలు పరిహారముగా నిర్ణయించినది. నాటి కప్పునకు అది సరిపోయెనేమో గాని, నేటి గృహస్థుడు అంతటితో తృప్తి చెందజాలడు.

ఇక తమ్ముని దుకాణము. ముందరి గదిలోని ఎరువుల బస్తాలు ఇంటి సామగ్రి కావు. గృహ పాలసీ చూపి వాటికి పరిహారము కోరిన లభించదు. మొత్తము ఆస్తి విలువ 5 కోట్ల లోపు ఉన్న వ్యాపారులకు ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అను వేరు పాలసీ కలదు. అందులో తక్కువ విలువకు బీమా చేసిన 15 శాతము వరకే ఉపేక్షింతురు; అంతకు మించిన కోత తప్పదు. ఖరీఫ్ ముందు గోదాము నిండి, బీమా మాత్రము వేసవి నిల్వ లెక్కనే ఉన్న డీలరులు ఈ కోతకు గురియగుదురు.

ఋణగ్రహీతలకు ఒక మనవి

బ్యాంకు ఋణముతో కట్టిన ఇంటి పాలసీలో ‘బ్యాంకు షరతు’ ఉండును. పరిహారము ముందుగా బ్యాంకునకు చెల్లును. ఇది న్యాయమే. కాని పలుచోట్ల బీమా, బాకీ మొత్తమునకు మాత్రమే చేయబడును. ఇంటి విలువ 16 లక్షలై, బాకీ 4 లక్షలైన, ఆ 4 లక్షలతో బ్యాంకు బాకీ తీరును. ఇల్లు మాత్రము లేవదు. ఋణము తీరిన పిమ్మట పాలసీని ఎవరును పునరుద్ధరింపకపోవుట మరొక లోపము.

అన్నింటికంటె చిన్నదిగా కనబడి, పెద్ద చిక్కు తెచ్చునది చిరునామా. యజమాని గోరిమేడులో ఉండి, యానాము ఇంటికి ఋణము తీసికొన్నప్పుడు, పాలసీలో ‘బీమా చేయబడిన ఆస్తి ఉన్న స్థలము’ అను గడిలో ఉత్తరములు అందు చిరునామాయే పడుట కద్దు. ప్రీమియము మిట్ట నేల లెక్కన వసూలగును. నీరు యానాములో వచ్చును. సర్వేయరు వచ్చినప్పుడు ఆ తగాదా తీర్చుట కష్టము. దయచేసి నేడే మీ శాఖకు వెళ్లి, పాలసీ నకలు అడిగి, ఆ గడిని చదువుడు. అది మీరు సొమ్ము చెల్లించిన పత్రము. నకలు అడుగుటకు సంకోచము వలదు.

నష్టము జరిగిన వెంటనే సంస్థకు తెలియజేయవలెను. సర్వేయరు చూడకముందే తడిసిన సామాను పారవేయరాదు. గోడమీది నీటి చారకు ఫొటో తీయుడు. సంస్థ తిరస్కరించిన, లేదా ఫిర్యాదునకు నెల దినములు బదులీయకున్న, ఒక సంవత్సరము లోపల బీమా అంబుడ్స్‌మన్‌ను రుసుము లేకుండ ఆశ్రయింపవచ్చును. 50 లక్షల వరకు ఆయన తీర్పు చెప్పగలరు. ఇక్కడ కూడ నేలయే దారి చూపును: పుదుచ్చేరి పట్టణము, కారైకాలు వారికి చెన్నై కార్యాలయము, మాహేవారికి కొచ్చి, యానాము వారికి హైదరాబాదు. అన్నగారు వ్రాయవలసినది చెన్నైకి. తమ్ముడు పుదుచ్చేరి ప్రయాణము పెట్టుకొననక్కరలేదు. హైదరాబాదునకు తెలుగులోనే వ్రాసికొనవచ్చును.