మెదడులోని నీటితిత్తికి కిటికీ

కొన్ని మాసముల క్రిందట మాకు ఒక తండ్రి వ్రాసిన ఉత్తరము చేరినది. ఆయన కుమారుడు ఆడుకొనుచు మెట్లమీదనుండి పడినాడు. తలకు దెబ్బ తగిలినదేమోనని స్కాను తీయించిరి. దెబ్బ ఏమియు లేదు. కాని కణత లోపలివైపున, మెదడునకు ప్రక్కగా, నీటితో నిండిన తిత్తి యొకటి కనబడినది. “సిస్టు” అన్న మాట విన్ననాటినుండి ఆ యింట ఎవరికిని నిద్ర లేదు. ఆపరేషను చేయింపవలెనా, దానికై పుఱ్ఱె తెరువవలెనా అని ఆయన ప్రశ్న. ఇది పలువురకు కలుగు సందేహమే కావున, వైద్యుల నడిగియు, గ్రంథములు చూచియు తెలిసికొన్న సంగతులను ఇచ్చట వివరించుచున్నాము.

మెదడు పుఱ్ఱెలో పొడిగా కూర్చున్న వస్తువు కాదు. అది నీటిలో తేలుచుండును. ఆ నీటిని మస్తిష్కమేరుద్రవ మందురు. పెద్దవారిలో ఏ సమయమున చూచినను అది సుమారు 150 మిల్లీలీటర్లే యుండును. కాని దినమునకు ఇంచుమించు 500 మిల్లీలీటర్లు క్రొత్తగా ఊరుచుండును. మెదడు లోపలనున్న నాలుగు గదులలో ఊరి, సన్నని దారులగుండ వెలుపలికి వచ్చి, తుదకు రక్తములో కలిసిపోవును. దారి మూసికొన్నచో ఊట ఆగదు గనుక గదులు ఉబ్బును.

మెదడును కప్పియున్న మూడు పొరలలో నడిమిది సాలెగూడువలె పలుచనిది. ఎరక్నాయిడు అను పేరునకు అర్థ మదియే. శిశువు గర్భమందుండగనే ఈ పొర చీలి, నడుమ నీరు నిలిచినచో అది ఎరక్నాయిడు సిస్టు అగును. ఇది క్యాన్సరు కాదు. స్కాను తీయబడిన పిల్లలలో నూటికి ఇద్దరు ముగ్గురియందు ఇట్టి తిత్తి కనబడుచున్నది. వారిలో చాలమందికి అది జన్మమంతయు ఏ బాధయు కలిగింపదు. కణత లోపలనుండు తిత్తులు తరచుగా ఈ కోవలోనివే. అట్టివానిని తాకకుండుటయే వైద్యము. వైద్యుడు చెప్పిన గడువున మరల చూపించుకొనిన చాలును. మన దేశమున బద్దెపురుగు మూలమున మెదడులో ఏర్పడు తిత్తులు వేరు, వాని చికిత్సయు వేరు.

అయితే తిత్తి ఎచ్చట నున్నదన్నది ముఖ్యము. మెదడు నడిభాగమున, పీయూషగ్రంథికి పైన లేచు తిత్తి అరుదైనదే గాని మొండిది. అది పైకి పెరిగి మూడవ గదిని నింపి, నీటిదారికి అడ్డుపడును. బిడ్డ తల పెద్దదగును, చూపు మందగించును. కొందరు పిల్లలు తంజావూరు బొమ్మవలె తల నూపుచుందురు. ఇట్టి తిత్తిని విడిచిపెట్టరాదు.

దీనికి ఉపయోగించు ఎండోస్కోపు కథ విచిత్రమైనది. 1910లో చికాగో నగరమున లెస్పినాసు అను వైద్యుడు, తలలో నీరు చేరిన ఇద్దరు శిశువుల మెదడులోనికి మూత్రాశయమును చూచు గొట్టమును పంపి, నీరూరు భాగమును కాల్చెను. ఒక శిశువు వెంటనే మరణించెను. రెండవది ఐదేండ్లు జీవించెను. ఆయన మెదడు వైద్యుడు కాడు, మూత్రవ్యాధుల వైద్యుడు! 1923లో బోస్టనులో మిక్స్‌టరు అను ఆయన అట్టి గొట్టముతోనే తొమ్మిది నెలల శిశువునకు మూడవ గది అడుగున రంధ్రము చేసి, నీటికి క్రొత్త దారి చూపెను. ఆలోచన సరియైనదే, కాని ఆ గొట్టములలో వెలుతురు చాలదు. అందుచే దశాబ్దములపాటు ఈ పద్ధతి మూలబడినది.

ఈలోపల షంటు వచ్చినది. ఇది తలలోని నీటిని చర్మముక్రిందుగా పొట్టలోనికో, గుండెలోనికో దించు సన్నని గొట్టము. 1956లో దానికి మేలైన కవాటమును తయారుచేసిన జాన్ హోల్టరు వైద్యుడు కాడు, అమెరికాలో పనిముట్లు చేయు కార్మికుడు. తన బిడ్డ తలలో నీరు చేరగా చూడలేక ఆ పనికి పూనుకొనెను. షంటు అసంఖ్యాకులను బ్రతికించినది, నేటికిని బ్రతికించుచున్నది. కాని గొట్టము పూడిపోవచ్చును, చీము పట్టవచ్చును, మరల మరల మార్పవలసి రావచ్చును.

1959 ప్రాంతమున ఇంగ్లండులో హెరాల్డు హాప్కిన్సు అను భౌతికశాస్త్రజ్ఞుడు గొట్టములోని చిన్న కటకములకు బదులు పొడుగాటి గాజుకడ్డీలను అమర్చెను. వెలుతురు అనేకరెట్లు హెచ్చినది. చిన్న కెమెరాలును తోడగుటతో 1990 తరువాత ఎండోస్కోపు మెదడులోనికి మరల ప్రవేశించినది.

శస్త్రచికిత్స ఇట్లు జరుగును. బిడ్డకు మత్తిచ్చి, నుదుటిపైభాగమున, జుట్టు మొదలుకు కొంచెము వెనుకగా, సుమారు ఒక సెంటీమీటరు రంధ్రము చేయుదురు. అందుండి ఎండోస్కోపు ప్రక్కగదిలోనికి దిగును. తెరమీద మూడవ గది ద్వారమును, అందుండి పొడుచుకొనివచ్చిన తిత్తి తలమును కనబడును. దానికి చిల్లుపెట్టి, చిన్న రబ్బరు బుడగ నుబ్బించి వెడల్పు చేయుదురు. పిదప తిత్తిలోనికే ప్రవేశించి, అడుగుగోడకును కిటికీ తీయుదురు. తిత్తి నంతటిని పెరికివేయరు. నీటిని తోడివేసి ఊరకుండరు. తోడిన నీరు మరల చేరును గదా. గట్టుకు గండికొట్టి చెరువును కాలువలో కలిపినట్లు, నిలిచిన నీటిని పారు నీటితో కలుపుటయే ఇచ్చటి పని.

తిత్తి యెందుకు పెరుగునో కూడ ఈ సాధనమే చూపినది. అడుగుగోడలో, పెద్ద రక్తనాళము చెంత, సన్నని చీలిక యొకటి నాడి కొట్టినప్పుడెల్ల తెరచుకొని మూసికొనుచుండుట కొందరియందు శస్త్రవైద్యులు కన్నులార చూచిరి. సైకిలు వాల్వుట్యూబు గాలిని లోనికే పోనిచ్చునట్లు, ఆ చీలిక నీటిని లోనికి రానిచ్చి వెలుపలికి పోనీయదు.

అపాయము లేదని చెప్పుట తగదు. ఆ కిటికీ తీయుచోటికి అంగుళమైన దూరము లేకుండ మెదడునకు ప్రాణాధారమైన రక్తనాళ మున్నది. జ్ఞాపకశక్తికి సంబంధించిన తంతువులు దారి అంచుననే యున్నవి. కొంచెము రక్తము చిందినను తెర ఎఱ్ఱబడి ఏమియు కనబడదు. అప్పుడు శరీరపు వేడిగల ద్రవమును ప్రవహింపజేయుచు తేరువరకు ఓపికపట్టవలెను. కొందరికి షంటు అవసరము తీరదు.

ఆపరేషను పిమ్మట స్కానులో తిత్తి పూర్తిగా మాయము కాలేదని తలిదండ్రులు దిగులుపడుదురు. అది నెమ్మదిగా తగ్గును, కొంత మిగులును గూడ. వైద్యులు మొదట చూచునది బిడ్డ తలనొప్పి, చూపు, నడక. కిటికీ ఎన్నడైనను మూసికొనవచ్చును, ఏండ్లు గడచినను సరే. కావున తలనొప్పితో వాంతులు, అలవాటులేని మగత మరల కనబడినచో, తెల్లవారనిమ్మని కాచుకొనక ఆ రాత్రియే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

ఉత్తరము వ్రాసిన తండ్రికి మేము జాబు వ్రాసితిమి. ఆయన కుమారుని తిత్తి కణత లోపలిది. చూపు, నడక, చదువు సరిగా నున్నవి. మెదడు శస్త్రవైద్యుడు చూచి, యేడాదికి రమ్మని పంపివేసినాడట.