జలగ పిండంలో పొరుగు మాట, పుట్టుక వరస

శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ. కోవిడ్ కాలంలో భారత్ బయోటెక్ ఇక్కడ కోవాగ్జిన్ కోసం వైరస్‌ను వీరో కణాల్లో పెంచింది. 1962లో జపాన్‌లో ఒక ఆఫ్రికా పచ్చకోతి మూత్రపిండం నుంచి తీసిన కణాల సంతతి అవి. అరవై ఏళ్లుగా విభజన చెందుతూనే ఉన్నా నరంగానో కండరంగానో మారిపోలేదు. కానీ ఆ కోతి పిండంగా ఉన్నప్పుడు మూత్రపిండం, నరం, కండరం అన్నీ ఒకే కణం నుంచి వచ్చాయి. మరి దారి ఖాయమైంది ఎప్పుడు, ఎవరి మాట మీద? కణం భవిష్యత్తు పుట్టుకతోనే తేలిపోతుందని కొందరంటారు, చుట్టూ ఉన్న కణాలే తేలుస్తాయని మరికొందరు. రెండూ సగం నిజాలేనని చెప్పడానికి జలగ పిండం కన్నా మంచి సాక్ష్యం నాకు కనిపించదు. ఒకే కణంలో కొన్ని సంగతులను పుట్టుక తేలుస్తుంది, కొన్నిటిని పొరుగు తేలుస్తుంది. అవి తేలే సమయాలు కూడా వేరు.

మన చెరువుల్లో పశువుల కాళ్లకు పట్టే జలగ హిరుడినేరియా. దాని మీద ఎం.ఎల్. భాటియా 1941లో వెలువరించిన గ్రంథం మన డిగ్రీ జువాలజీ పాఠాలకు ఆధారమైంది. అయితే ఆ జలగ తడిమట్టిలో గూడు పెట్టి గుడ్లను అందులో దాస్తుంది, పిండాలు మరీ చిన్నవి. అందుకే శాస్త్రజ్ఞులు హెలోబ్డెల్లా అనే చిన్న జలగను ఎంచుకున్నారు. నత్తల రసం పీల్చి బతికే ఈ జలగ గుడ్లను తన పొట్టకే అంటించుకుని మోస్తుంది. గుడ్డు దాదాపు అర మిల్లీమీటరు ఉంటుంది కాబట్టి తొలి కణాల్లోకి సన్నని గాజుసూది దించవచ్చు. జలగల్లో ఏ కణం నుంచి ఏ భాగం వస్తుందో 1878లోనే విట్‌మన్ సూక్ష్మదర్శినిలో చూసి రాశాడు. సరిగ్గా వందేళ్లకు, 1978లో, బర్కిలీలో వైస్‌బ్లాట్, సాయర్, స్టెంట్ హార్స్‌రాడిష్ అనే ఘాటైన దుంప నుంచి తీసిన ఎంజైమును ఒక్క కణంలోకి ఎక్కించారు. ఆ ఎంజైము అణువు పెద్దది, పక్క కణంలోకి జారదు, పిల్ల కణాలకు మాత్రం పంచుకుపోతుంది. తర్వాత రసాయనం పోసి రంగు తేలిస్తే ఆ కణం వంశమంతా కంటికి కనిపించింది.

అలా తేలిన పద్ధతి ఇది. పిండం వెనక భాగంలో టీలోబ్లాస్టులనే పెద్ద కణాలు ఐదు జతలు ఏర్పడతాయి. ఒక్కొక్కటీ దాదాపు గంటకొకటి చొప్పున చిన్న కణాలను వరసగా వదులుతుంది. ఆ వరసల నుంచే జలగ శరీరంలోని 32 ఖండాలూ తయారవుతాయి. వాటిలో ఎమ్ అనే వరస లోపలికి పోయి కండరాల వంటివి ఇస్తుంది. ఎన్, ఓ, పీ, క్యూ పైన పక్కపక్కనే సాగి చర్మానికీ నాడీవ్యవస్థకూ కణాలిస్తాయి. ప్రతి పిండంలోనూ ఇదే క్రమం. ఇంత కచ్చితంగా జరిగేది ముందే నిర్ణయమై ఉండదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ ఏమవుతుందో మనం ముందే చెప్పగలగడం వేరు, ఇంకోలా కాలేకపోవడం వేరు. పొరుగు ఎప్పుడూ ఒకటే అయితే పొరుగు చెప్పిందే వినే కణం కూడా ఎప్పుడూ ఒకేలా నడుస్తుంది. తేడా తెలియాలంటే పొరుగును తీసేసి చూడాలి.

వైస్‌బ్లాట్, బ్లెయిర్, షాంక్‌లాండ్ 1984లో అదే చేశారు. ఓ, పీ వరసలు అక్కాచెల్లెళ్లయిన రెండు టీలోబ్లాస్టుల సంతానం. క్యూ పక్కన చేరిన వరస పీ అవుతుంది, రెండోది ఓ. పీ వరసను నాశనం చేస్తే ఓ వరసలోని లేత కణాలు పీ పనికి మళ్లాయి. కొన్ని విభజనలు దాటిన కణాలు మాత్రం పాత దారి వదల్లేదు. దారి మూసుకుపోవడం కూడా ఒక్క దెబ్బతో కాదు, మెట్టుమెట్టుగా జరుగుతుంది. ఓ కణాలు పీ పనికి మళ్లడం గాయం వల్ల పుట్టిన గందరగోళం కాదా అనవచ్చు. గందరగోళమే అయితే ఫలితం చిందరవందరగా ఉండాలి. ఇక్కడ వచ్చినవి క్రమమైన పీ భాగాలే. పైగా 2011లో కువో, వైస్‌బ్లాట్ ఆ పొరుగు మాట ఏమిటో కూడా పట్టుకున్నారు: క్యూ వరస నుంచి దగ్గరి కణాలకు మాత్రమే అందే బీఎంపీ అనే ప్రోటీన్. మనుషుల్లో ఎముకలు పెరగడానికి తోడ్పడేది ఈ ప్రోటీన్ల కుటుంబమే.

అలాగని అంతా పొరుగుదే అనలేం. 1990లో మార్టిండేల్, షాంక్‌లాండ్ ఒక వరసను జరిపి, కణాలు తమది కాని ఖండంలో పడేలా చేశారు. అయినా అవి తమ పాత ఖండానికి ప్రత్యేకమైన లక్షణాలనే చూపించాయి. అంటే ఏ ఖండం అన్నది కణం వరసలో ఎన్నోదిగా పుట్టిందన్నదాన్ని బట్టే తేలిపోతోంది, ఓ అవుతుందా పీ అవుతుందా అన్నది మాత్రం పక్కనున్నదాన్ని బట్టి. ఈ రెండు ప్రయోగాలనూ కలిపి చదవకుండా పుట్టుకా పొరుగా అని వాదించడం నాకు వృథా అనిపిస్తుంది.

2006లో యమనాక అనే శాస్త్రజ్ఞుడు నాలుగు జన్యువులతో ఎలుక చర్మకణాలను వెనక్కి, ఏ కణంగానైనా మారగల మూలకణాల స్థితికి తిప్పాడు కదా, ఇక ఖాయం అన్న మాటకు విలువేముంది అన్నది మరో అభ్యంతరం. ఆ నాలుగు జన్యువులనూ బయటి నుంచి బలవంతంగా కణంలోకి ఎక్కించారు. శరీరంలో సహజంగా అందే సంకేతాలకు కణం ఇక లొంగదు అన్నంత వరకే ఖాయం అన్న మాటకు అర్థం, ఆ అర్థంలో అది నిలుస్తుంది. అందుకే మూలకణాల నుంచి నరాన్నో, గుండె కండరాన్నో తయారుచేయాలనుకునే ప్రయోగశాలలో ఏ ప్రోటీన్ వేయాలన్నది ఎంత ముఖ్యమో ఏ రోజు వేయాలన్నదీ అంతే ముఖ్యం. గడువు దాటిన కణం మీద అదే ప్రోటీన్ ఎంత పోసినా ఫలితం రాదు.