పెట్టెకూ టీవీకీ వియ్యం

కేబుల్ ప్రసారాలన్నీ డిజిటల్ కావాలని 2011లో చట్టాన్ని సవరించారు. హైదరాబాదు, విశాఖపట్నాలకు 2013 మార్చి 31 గడువు. అప్పటినుంచీ సెట్‌టాప్ బాక్సు మన ఇళ్ళలో ఒక మనిషైపోయింది.

దాన్ని టీవీకి కలపడం బ్రహ్మవిద్యేమీ కాదు. ముందు రెండింటికీ కరెంటు తీసివేయండి. వీధిలోంచి వచ్చే గుండ్రని కేబులును బాక్సు వెనుక ‘ఆర్.ఎఫ్. ఇన్’ అన్నచోట బిగించండి. అక్కడినుంచి టీవీకి హెచ్.డి.ఎమ్.ఐ. తీగె ఒక్కటి చాలు. బొమ్మనూ ధ్వనినీ అదే మోస్తుంది. పాత టీవీ అయితే మూడు తీగెలు: పసుపు బొమ్మకు, తెలుపూ ఎరుపూ ధ్వనికి. రంగుకు రంగు జతచేస్తే సరి.

తరువాత టీవీ రిమోటులో ‘సోర్స్’ మీట నొక్కి, తీగె పెట్టినచోటి పేరే ఎన్నుకోవాలి. టీవీ ‘నో సిగ్నల్’ అంటే చాలాసార్లు తేడా ఇక్కడే ఉంటుంది. బాక్సే తెరమీద ఏదైనా సందేశం చూపిస్తే, ఈ రెండింటి మధ్యా తీగె బాగానే ఉన్నట్టు. అప్పుడు కేబుల్ ఆపరేటరుకు కబురు చేయండి.

పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉండే పెద్దవారికి టీవీయే తోడు. పొరపాటున ఒక్క మీట నొక్కితే ఆ తోడు కాస్తా సాయంత్రందాకా మూగబోతుంది. ఆ సోర్స్ పేరు పెద్ద అక్షరాలతో చీటీమీద రాసి రిమోటు వెనుక అంటించండి. ఒకసారి వారి చేతనే నొక్కించండి.