ఇంటిలోని అంతుపట్టని సడి: యంత్రముల సాక్ష్యము

దాచేపల్లిలో, నాగులేటికి చేరువగా, ఒక ఇల్లు ఉన్నదనుకొందము. ఒకనాటి అర్ధరాత్రి అటకమీది గిన్నెలు గలగల మోగినవి. మరునాటి మధ్యాహ్నము గోడ అదిరి, దబ్బుమని చప్పుడు వినవచ్చినది. మూడవనాటి ఉదయము ఇంటిల్లిపాదికిని తలనొప్పి, వాంతులు. ఇరుగుపొరుగువారు గుసగుసలు మొదలిడుదురు. ఒకరు దయ్యమందురు, మరియొకరు చేతబడి యందురు.

ఈ రెండవ మాట మొదటిదానికంటె అపాయకరము. దయ్యమునకు ఊరు పేరు లేదు. చేతబడి చేసినవారనగా వీధి చివర ఒక గుడిసె, అందులో ఒక మనిషి కనబడవలెను. ఆ మనిషి తరచుగా దిక్కులేని వృద్ధురాలై యుండును. ఇట్టి అనుమానములు తెలుగునాట ప్రాణములు తీసిన ఉదంతములు కలవు. కనుక సడి ఎచ్చటినుండి వచ్చినదో కొలిచి చూచుట కేవలము కుతూహలము కాదు. అది న్యాయమునకు సంబంధించిన పని.

మొదట అర్ధరాత్రి గిన్నెల సంగతి చూతము. కృష్ణానది దిగువను పులిచింతల జలాశయము కలదు. దాని ఆవలి గట్టున, సూర్యాపేట జిల్లాలోని చింతలపాలెం, మేళ్లచెరువు ప్రాంతములలో 2019 చివరను, 2020 మొదటను పలుమారులు భూమి కంపించినది. 2020 జనవరి 26 తెల్లవారుజామున వచ్చిన కంపము తీవ్రత నాలుగుకు మించినది. హైదరాబాదులో 1961లో నెలకొన్న జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు అచ్చట భూకంపమాపకములను ఉంచి పరిశీలించిరి. పెద్ద జలాశయముల నీటి బరువును, రాతి పగుళ్లలోనికి ఇంకిన నీటి ఒత్తిడియు భూమిని కంపింపజేయగలవను సంగతి 1967 డిసెంబరు 11న మహారాష్ట్రలోని కోయనాలో వచ్చిన భూకంపముతో లోకమునకు బాగుగా తెలిసినది.

భూకంపమాపకము పనిచేయు తీరు సులభమైనది. ఒక బరువును స్ప్రింగునకు వేలాడదీసినచో, నేల కదలినను బరువు తన జడత్వముచేత కొంతసేపు నిలిచియే యుండును. ఆ రెంటి నడుమ ఏర్పడు తేడాయే కొలత. నేటి యంత్రములలో అయస్కాంతము, తీగచుట్ట ఆ తేడాను విద్యుత్తుగా మార్చి నమోదు చేయును. భూకంపమునుండి ముందుగా వచ్చు తరంగము గట్టి రాతిలో సెకనుకు సుమారు 6 కిలోమీటర్లు, వెనుకది సుమారు 3.5 కిలోమీటర్లు పయనించును. ఆ రెండును చేరుటలో ఒక సెకను ఎడమున్నచో కంపము పుట్టిన చోటు సుమారు 8 కిలోమీటర్ల దూరమున నున్నదని అర్థము. మూడు చోట్ల యంత్రములున్నచో ఆ చోటు ఎచ్చటనో గుర్తింపవచ్చును.

ఇక మధ్యాహ్నపు చప్పుడు. పల్నాటి నేల సున్నపురాతి నేల. సిమెంటునకును, పిడుగురాళ్ల సున్నపు బట్టీలకును ఆ రాయియే ఆధారము. క్వారీలో మందుపాతర పేల్చినప్పుడు కంపనము నేలగుండా మొదట వచ్చును. చప్పుడు గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్ల చొప్పున వెనుక వచ్చును. కిలోమీటరు దూరమున నున్న ఇంటిలో నేల అదిరిన మూడు సెకనులకు చప్పుడు వినబడును. పైగా పేలుళ్లు పగటివేళ, ఇంచుమించు ఒకే సమయమున జరుగును. భూకంపమునకు వేళ లేదు. గనుల భద్రతా డైరెక్టరేటువారు 1997లో పరుల ఇండ్లకు హద్దులు నిర్ణయించిరి. కంపనము సెకనుకు 8 మారులకు తక్కువైనచో నేల కదలిక వేగము సెకనుకు 5 మిల్లీమీటర్లు, 8 నుండి 25 మారులవరకు 10, అంతకు పైబడినచో 15 మిల్లీమీటర్లు మించరాదు. గోడ పగిలినదని మొరపెట్టుకొను గృహస్థునకు ఇట్టి కొలతయే అర్జీకి బలము.

మూడవనాటి తలనొప్పి అన్నిటికంటె ప్రమాదకరము. 1921లో అమెరికాలోని ఒక నేత్రవైద్య పత్రిక ఒక పాత ఇంటి కథను ప్రకటించినది. ఆ ఇంటివారికి అడుగుల చప్పుడు వినబడెను, రూపములు కనబడెను, మొక్కలు వాడిపోయెను. తుదకు తేలినదేమనగా, ఇల్లు వెచ్చబరచు కొలిమి చెడి కార్బన్ మోనాక్సైడు గదులలోనికి వచ్చుచుండెను. ఆ వాయువునకు రంగు లేదు, వాసన లేదు. చలికాలమున తలుపులు మూసి కుంపటి పెట్టుకొని పండుకొనువారికి ఇదియే మృత్యువు. దానిని కనిపెట్టి మోగు చిన్న సెన్సారులు నేడు దొరకుచున్నవి. అయితే అనుమానము కలిగినచో కొలతకై ఆగరాదు. తలుపులు తెరచి, అందరును వెంటనే వెలుపలికి రావలెను.

యంత్రమునకును హద్దులు కలవు. దయ్యములను చూపునని అమ్మబడు మీటరు నిజమునకు అయస్కాంత క్షేత్రమును కొలుచును. మోటారు చెంతను, కరెంటు తీగల చెంతను దాని ముల్లు ఎట్లును కదలును. చేతిఫోనులోని సెన్సారు పెద్ద కుదుపు వేళను చెప్పగలదు కాని సన్నని కంపనమును పట్టలేదు. కనుక ఏమియు జరుగని గదిలోకూడ అదే యంత్రమును ఉంచి పోల్చి చూడవలెను. ప్రతి సంఘటన వేళను గడియారము చూచి వ్రాసికొనవలెను. పరుల దొడ్డిలో యంత్రము పెట్టుటకు వారి అనుమతి తీసికొనవలెను.

ఇంత చేసినను ఒక్కొక్కప్పుడు కారణము తెలియకపోవచ్చును. అప్పుడు “తెలియలేదు” అని వ్రాసికొని పరిశీలన సాగింపవలెను. తెలియకపోవుట ఎవరిమీదను నేరము మోపుటకు ఆధారము కాదు. మన ఊహలోని ఇంటిలో గిన్నెలను కదల్చినది భూమి, గోడను అదరించినది క్వారీ, తల నొప్పించినది కుంపటి కావచ్చును. ఈ మూటిలో దేనికిని వీధి చివరి వృద్ధురాలితో సంబంధము లేదు.