ఏడాది చదువుకు ఇద్దరూ వెళ్ళవచ్చా? విదేశీ పీజీ, యువ దంపతులు, మారిన నిబంధనలు

పెళ్ళయి ఏడాది నిండని ఒక జంటను ఊహించుకుందాం. ఇల్లు జంషెడ్‌పూర్‌లోని గోల్‌మురి. భర్త ఆదిత్యపూర్‌లో వాహనాల విడిభాగాల కర్మాగారంలో ఇంజనీరు. భార్యకు బ్రిటన్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో ఏడాది ఎంఎస్సీ కోర్సులో సీటు వచ్చింది. ఇంట్లో పెద్దలు వేసే మొదటి ప్రశ్న ఫీజు ఎంత అని. రెండవది, అల్లుడు కూడా వెళ్తాడా అని. మొదటి ప్రశ్నకు సమాధానం విశ్వవిద్యాలయం పంపిన ప్రవేశ పత్రంలోనే ఉంటుంది. రెండవ ప్రశ్నకు అందులో జవాబు ఉండదు. అది ఆ దేశపు వలస చట్టాన్ని బట్టి ఉంటుంది. పైగా గత రెండు మూడేళ్ళలో ఆ చట్టాలు చాలా మారాయి.

గోల్‌మురి వాసులకు వలస కొత్త సంగతి కాదు. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడి, 1912లో తొలి ఉక్కు తయారైన తరువాత ఈ నగరానికి ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి తెలుగువారు పని వెతుక్కుంటూ వచ్చారు. గోల్‌మురిలో టిన్‌ప్లేట్ కర్మాగారం 1922లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఆ కాలపు వలసల్లో ముందు మగవాడు వచ్చి పనిలో కుదురుకోవడం, గది దొరికాక భార్యను పిలిపించుకోవడం రివాజు. ఎప్పుడు పిలిపించుకోవాలన్నది జీతమూ ఇల్లూ నిర్ణయించేవి. నేటి మునిమనుమల తరానికి ఆ నిర్ణయం వీసా అధికారి చేతిలో ఉంది.

బ్రిటన్ సంగతి ముందుగా చూద్దాం. మాస్టర్స్ కోర్సు ఏడాదిలో ముగుస్తుంది కనుక మన విద్యార్థుల్లో చాలామంది ఆ దేశాన్ని ఎంచుకుంటారు. 2023 వరకు అక్కడ పీజీ చదివేవారు తొమ్మిది నెలలు, అంతకు మించిన కోర్సుల్లో చేరితే జీవిత భాగస్వామిని డిపెండెంట్ వీసాపై వెంట తీసుకువెళ్ళగలిగేవారు. ఆ భాగస్వామికి అక్కడ పనిచేసే హక్కు కూడా ఉండేది. ఒకరి చదువు, మరొకరి సంపాదన అన్న లెక్కతో ఎన్నో జంటలు విమానం ఎక్కాయి. 2023 మే నెలలో బ్రిటన్ ప్రభుత్వం ఈ వెసులుబాటును ఉపసంహరిస్తున్నట్లు ప్రకటించింది. 2024 జనవరి 1, ఆ తరువాత మొదలైన కోర్సులకు కొత్త నిబంధన అమలులోకి వచ్చింది. తరగతి బోధనతో సాగే సాధారణ మాస్టర్స్ విద్యార్థులు ఇప్పుడు భార్యను గానీ, భర్తను గానీ, పిల్లలను గానీ డిపెండెంట్‌గా తీసుకువెళ్ళలేరు. పీహెచ్‌డీ విద్యార్థులకు, పరిశోధన ప్రధానమైన ఉన్నత డిగ్రీ చేసేవారికి, ప్రభుత్వ ఉపకార వేతనంతో ఆరు నెలలకు మించిన కోర్సులో చేరేవారికి మాత్రమే మినహాయింపు ఉంది.

ఇక్కడ చాలా కుటుంబాలు ఒక పొరపాటు లెక్క వేసుకుంటున్నాయి. ‘ఒక్క ఏడాదే కదా, ఓర్చుకుంటే సరిపోతుంది, ఆ తరువాత ఉద్యోగ కాలంలో కలిసి ఉండవచ్చు’ అన్నది ఆ లెక్క. చదువు పూర్తయ్యాక బ్రిటన్‌లో ఉండి ఉద్యోగం చేసుకోవడానికి గ్రాడ్యుయేట్ వీసా ఇస్తారు. ఇప్పటివరకు మాస్టర్స్ చేసినవారికి దీని గడువు రెండేళ్ళు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలకు తగ్గుతుంది. గడువు తగ్గడం కంటే ముఖ్యమైన అంశం మరొకటి ఉంది. విద్యార్థి వీసా కాలంలోనే డిపెండెంట్‌గా అక్కడ ఉన్న భాగస్వామి మాత్రమే గ్రాడ్యుయేట్ వీసా కాలంలో డిపెండెంట్‌గా కొనసాగవచ్చు. అప్పటిదాకా భారత్‌లో ఉన్న భర్త కొత్తగా వెళ్ళి చేరడానికి వీలు లేదు.

అంటే 2026 సెప్టెంబరులో కోర్సులో చేరిన మన గోల్‌మురి అమ్మాయి 2027 శరత్కాలంలో చదువు ముగిస్తుంది. అక్కడి నుంచి 18 నెలలు గ్రాడ్యుయేట్ వీసా. ఈ లోగా ఆమె స్కిల్డ్ వర్కర్ వీసాకు మారగలిగితేనే భర్తను డిపెండెంట్‌గా పిలిపించుకోగలదు. ఆ వీసాకు డిగ్రీ స్థాయి ఉద్యోగం, లైసెన్సు ఉన్న యజమాని కావాలి. 2025 జూలై 22 నుంచి సాధారణ కనీస వార్షిక వేతనం 41,700 పౌండ్లు. చదువు ముగించి కొత్తగా ఉద్యోగంలో చేరేవారికి 33,400 పౌండ్ల నుంచి అవకాశం ఉంది. ఆ స్థాయి ఉద్యోగం త్వరగా దొరకకపోతే ఏడాది ఎడబాటు అనుకున్నది రెండున్నరేళ్ళు అవుతుంది. ప్రవేశ ఏజెన్సీల కరపత్రాల్లో ఈ అంకె కనిపించదు.

ఈ మధ్యలో భర్త సందర్శక వీసాపై వెళ్ళి చూసి రావచ్చు. సాధారణంగా ఒక్కో పర్యటన ఆరు నెలలకు మించకూడదు, ఉద్యోగం చేయకూడదు. మరో దారి ఇండియా యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్. 2023లో మొదలైన ఈ పథకం కింద 18 నుంచి 30 ఏళ్ళలోపు భారతీయ పట్టభద్రులు రెండేళ్ళ వరకు బ్రిటన్‌లో నివసించి పనిచేయవచ్చు. ఏటా మూడు వేల వీసాలు లాటరీ పద్ధతిలో కేటాయిస్తారు. లాటరీలో పేరు నమోదుకు రుసుము లేదు. ఎంపికైతే 2,530 పౌండ్ల పొదుపు చూపించాలి. ఇది ఎవరికి వారు స్వతంత్రంగా పొందే వీసా కనుక భార్య విద్యార్థి అయినా భర్త దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే లాటరీ లాటరీయే. దానిని నమ్ముకొని ఉద్యోగానికి రాజీనామా చేయడం తగదు.

చదువు కోసం ఒకరు, తోడు కోసం ఒకరు వెళ్ళిన జంటల కథలు తెలుగునాట చాలానే ఉన్నాయి. నరసాపురానికి చెందిన పరకాల ప్రభాకర్, నిర్మలా సీతారామన్ జేఎన్‌యూలో సహ విద్యార్థులు. 1986లో వివాహం చేసుకున్నారు. ప్రభాకర్‌కు లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో పరిశోధనకు ఉపకార వేతనం లభించడంతో ఇద్దరూ లండన్ వెళ్ళారు. ఆమె పీహెచ్‌డీ అక్కడితో ఆగిపోయింది. గృహాలంకరణ వస్తువులు అమ్మే హాబిటాట్ అనే దుకాణంలో సేల్స్ ఉద్యోగిగా పనిచేశారు. తరువాత వ్యవసాయ యంత్ర పరికరాల సంఘంలో ఆర్థికవేత్తకు సహాయకురాలిగా, ఆపైన ప్రైస్ వాటర్‌హౌస్‌లో ఉద్యోగం చేశారు. 1991లో ఇద్దరూ స్వదేశానికి తిరిగివచ్చారు. నేటి కేంద్ర ఆర్థిక మంత్రి ఒకప్పుడు లండన్ దుకాణంలో కుర్చీలు, దీపాలు అమ్మారన్నది పలువురు ముచ్చటగా చెప్పుకునే విషయం. ఆ ముచ్చటలో వదిలివేసిన ఆమె పరిశోధన కూడా ఉందని మరువరాదు. ప్రభాకర్‌ది పరిశోధక విద్య కనుక నేటి నిబంధనల కింద కూడా ఆ జంట కలిసి వెళ్ళగలిగేది. ఏడాది ఎంఎస్సీ అయి ఉంటే వీలయ్యేది కాదు.

దీనికి పూర్తిగా భిన్నమైన కథ యల్లాప్రగడ సుబ్బారావుది. 1922లో ఆయన హార్వర్డ్‌లో ఉష్ణమండల వైద్యం చదవడానికి మామగారి సాయంతో, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మనిధి అండతో అమెరికా చేరారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. ఆయన ఆసుపత్రిలో రాత్రి పూట పోర్టరుగా పనిచేస్తూ చదువుకున్నారు. డిప్లొమా తరువాత పరిశోధన, దాని తరువాత లెడర్లీ ప్రయోగశాల. పసివాడైన కుమారుడు చనిపోయిన వార్త ఆయనకు అక్కడే అందింది. 1948లో న్యూయార్క్ రాష్ట్రంలో మరణించే వరకు ఆయన స్వదేశానికి రాలేదు. ఆ దంపతులు మళ్ళీ కలుసుకోలేదు. ఆ ఎడబాటును ఆయన శాస్త్ర కృషి వైభవంలో మనం చాలా సులువుగా దాటేస్తాం.

అమెరికాలో నేటి పరిస్థితి వేరు. ఎఫ్-1 వీసాపై చదివే విద్యార్థి భార్యకు గానీ భర్తకు గానీ ఎఫ్-2 వీసా లభిస్తుంది. కాని దానిపై ఎట్టి పరిస్థితిలోనూ ఉద్యోగం చేయరాదు. తోడు ఉంటుంది, రెండవ జీతం ఉండదు. చదువు తరువాతి దశలోనూ చిక్కులు తప్పవు. హైదరాబాద్‌లో పెరిగి విస్కాన్సిన్‌లో మాస్టర్స్ చేసిన సత్య నాదెళ్ళ 1992లో అనుపమను వివాహమాడారు. గ్రీన్‌కార్డు ఉన్నవారి భార్యకు వీసా రావడానికి ఏళ్ళు పట్టే కాలమది. 1994లో ఆయన ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయంలో తన గ్రీన్‌కార్డును తిరిగి ఇచ్చివేసి, హెచ్-1బీ వీసా తీసుకున్నారు. తాత్కాలిక వీసా ఉన్నవాడు భార్యను వెంటనే తీసుకువెళ్ళగలడు, శాశ్వత నివాసి తీసుకువెళ్ళలేడు! చట్టం ఇంగితానికి విరుద్ధంగా కనిపించే సందర్భాలు ఇలా ఉంటాయి. అందుకే ఇంగితంతో ఊహించుకోకుండా నిబంధన చదువుకోవాలి.

కెనడాలో 2025 జనవరి 21 నుంచి, విద్యార్థి భాగస్వామికి ఓపెన్ వర్క్ పర్మిట్ కావాలంటే ఆ మాస్టర్స్ కోర్సు కనీసం 16 నెలలది అయి ఉండాలి. ఏడాది కోర్సు అక్కడ దంపతులకు లాభించదు. జర్మనీలో మాస్టర్స్ సాధారణంగా రెండేళ్ళు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావరకు బోధన రుసుము తీసుకోవు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా సమాఖ్య వెలుపలి విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు చెల్లించాలి. భాగస్వామి వెళ్ళాలంటే సాధారణంగా ప్రాథమిక స్థాయి జర్మన్ భాషా పరీక్ష నెగ్గాలి, ఇద్దరి పోషణకు తగిన నిధులు, ఇల్లు చూపాలి. అనుమతి వస్తే పనిచేసే హక్కు ఉంటుంది. ఆస్ట్రేలియాలో మాస్టర్స్ విద్యార్థి భాగస్వామి పని గంటలపై పరిమితి లేదు. అయితే అక్కడ ఒక మెలిక ఉంది: భాగస్వామి వెంటనే వెళ్ళకపోయినా, విద్యార్థి తొలి దరఖాస్తులోనే వారి పేరు ప్రకటించి తీరాలి. దాచితే తరువాత పిలిపించుకోవడం కుదరదు.

ఇక డబ్బు. బ్రిటన్ వీసాకు ఫీజుతో పాటు తొమ్మిది నెలల జీవన వ్యయం ఖాతాలో వరుసగా 28 రోజులు నిలిపి చూపాలి. 2025 నవంబరు 11 నుంచి ఇది లండన్‌లో నెలకు 1,529 పౌండ్లు, ఇతర చోట్ల 1,171 పౌండ్లు. లండన్ వెలుపలి విద్యార్థికి మొత్తం 10,539 పౌండ్లు అవుతుంది. ఆరోగ్య సర్‌ఛార్జి ఏడాదికి 776 పౌండ్లు. కోర్సు ఏడాదే అయినా వీసా కాలం అంతకు మించుతుంది కనుక ఏడాదిన్నరకు 1,164 పౌండ్లు కట్టాలి. విద్యార్థి తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలే పనిచేయవచ్చు. వెనుకటిలా భాగస్వామి జీతం అండగా ఉండదు కాబట్టి రుణభారం ఇంటివద్ద ఉన్నవారిపై పడుతుంది. 30 లక్షల రుణానికి పది శాతం వడ్డీ వేసుకుంటే, చదువు సాగే కాలంలోనే నెలకు 25 వేలు వడ్డీగా పేరుకుంటుంది. ఆదాయపు పన్ను చట్టం పాత విధానంలో ఉన్నవారికి ఈ వడ్డీపై ఎనిమిదేళ్ళ వరకు మినహాయింపు దక్కుతుంది.

జంషెడ్‌పూర్‌లో పెద్ద రుణానికి తాకట్టు కూడా ఒక సమస్యే. నగరంలో అధిక భాగం భూమి లీజుది. 86 బస్తీలుగా పేరుపడ్డ ప్రాంతాల్లో యాజమాన్య హక్కుల కోసం దశాబ్దాలుగా డిమాండ్ ఉంది. సొంతంగా కట్టుకున్న ఇల్లు ఉన్నా బ్యాంకుకు చూపదగిన పత్రం ఉండకపోవచ్చు. అప్పుడు చూపు స్వగ్రామంలోని భూమివైపు మళ్ళుతుంది. ఆ భూమి అన్నదమ్ముల మధ్య పంపకం కాకుండా ఉంటే, సీటు వచ్చిన తరువాత మొదలుపెట్టిన పని సెప్టెంబరుకు తెమలదు.

ఉపకార వేతనం విషయానికి వస్తే, ఝార్ఖండ్ ప్రభుత్వం 2021లో ప్రారంభించిన మరాంగ్ గోమ్కే జైపాల్ సింగ్ ముండా పథకం బ్రిటన్‌లో ఉన్నత విద్యకు సహాయం అందిస్తుంది. మొదట ఆదివాసీ విద్యార్థులకే ఉన్న ఈ పథకాన్ని తరువాత ఎస్సీ, వెనుకబడిన తరగతులు, మైనారిటీ వర్గాలకూ విస్తరించారు. తెలుగు కుటుంబాలు దరఖాస్తుకు ముందే కుల ధ్రువపత్రం సంగతి తేల్చుకోవాలి. ఒక రాష్ట్రంలో గుర్తింపు పొందిన కులం వలస వెళ్ళిన రాష్ట్రంలో ఆ ప్రయోజనాలను వెంట తీసుకువెళ్ళదని 1990లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు వేసింది తెనాలిలో పుట్టి బొంబాయి వెళ్ళిన ఒక తెలుగు విద్యార్థి.

పత్రాల్లో మొదటిది వివాహ ధ్రువపత్రం. పెళ్ళి ఫోటోలు, శుభలేఖ దానికి బదులు కావు. ఝార్ఖండ్‌లో, ఆంధ్రప్రదేశ్‌లో వివాహ నమోదు చట్టరీత్యా తప్పనిసరి. పెళ్ళి శ్రీకాకుళంలో జరిగితే నమోదు అక్కడే చేయించుకొని తిరిగిరావడం ఉత్తమం; తరువాత సాక్షులను వెంటబెట్టుకొని మళ్ళీ వెళ్ళడం కష్టం. ఇద్దరి పాస్‌పోర్టుల్లో, డిగ్రీ పట్టాల్లో ఇంటిపేరు ఒకే తీరున ఉందో లేదో చూసుకోవాలి. ఒకచోట పూర్తి ఇంటిపేరు, మరోచోట పొడి అక్షరం ఉండడం మన పేర్లలో సర్వసాధారణం. ఆరు నెలలకు మించిన బ్రిటన్ వీసాకు గుర్తింపు పొందిన కేంద్రంలో క్షయ పరీక్ష చేయించుకోవాలి. ఆ ధ్రువపత్రం ఆరు నెలలే చెల్లుతుంది. వేలిముద్రలు ఇవ్వడానికి దగ్గరి కేంద్రం కోల్‌కతా. ఝార్ఖండ్ వాసులకు జర్మనీ వీసాలు చూసే కాన్సులేట్ కూడా అక్కడే ఉంది. టాటానగర్ నుంచి హౌరాకు రైలు దూరం 250 కిలోమీటర్లు కనుక తెల్లవారుజామున బయలుదేరితే పని ముగించుకొని రాత్రికి ఇల్లు చేరవచ్చు.