అటకమీది ఇస్త్రీపెట్టె

పిఠాపురములో కుక్కుటేశ్వరస్వామి కోవెలకు కొలదిదూరమున మా మేనత్తగారి యిల్లు కలదు. నిరుడు పెంకులు మార్పించుటకై అటక ఖాళీ చేయగా, గోనెలో చుట్టిన ఇత్తడి ఇస్త్రీపెట్టె యొకటి బయటపడినది. పాతసామానులు కొనువాడు వెంటనే త్రాసు తీసెను. “ఇది తూకమునకు పోవలసినది కాదురా అబ్బాయీ” అని మేనత్తగారు అడ్డుపడిరి. మామయ్యగారు పోయిన పిమ్మట ఆమె ఇరుగుపొరుగువారి చీరలకు గంజిపెట్టి, ఈ పెట్టెతోనే ఇస్త్రీచేసి, ఇద్దరు బిడ్డలను చదివించిరి. “ఇది మరల పనికివచ్చునా?” అని ఆమె నన్నడిగిరి. ఇట్టి పెట్టె మీ యింటి అటకమీదను ఉండవచ్చును గనుక, ఆ ప్రశ్నకు సమాధానము మీకును చెప్పుచున్నాను.

విద్యుత్తుతో వేడెక్కు ఇస్త్రీపెట్టెకు అమెరికాలో హెన్రీ సీలీ 1882లో పేటెంటు పొందెను. అయినను కరెంటు లేని యిండ్లలో బొగ్గుల పెట్టెయే చాలకాలము పనిచేసినది. దీని కిటుకు మూడు సంగతులలో నున్నది: తడి, వేడి, బరువు. తడియు వేడియు కలిసి నూలుపోగులోని బిగువును సడలించును. బరువు దానిని చదును చేయును. తడి ఆరగానే పోగు ఆ రూపముననే నిలుచును. బరువైన ఇత్తడి వేడిని నిలువ యుంచుకొని, అడుగు పలక అంతటను సమముగా పంచును.

పెట్టె దొరికినప్పుడు ముందుగా అయస్కాంతము నానించి చూడవలెను. అంటుకొన్నచో అది ఇత్తడి పూత పూసిన ఇనుము కావచ్చును. పిదప అడుగు పలకపై సమమైన బద్ద నిలిపి వెలుతురునకెదురుగా పట్టినచో వంకర తెలియును. మూత బందు, గొళ్ళెము, లోపలి జల్లెడ, గాలిరంధ్రములు వరుసగా పరీక్షింపవలెను. మా పెట్టెకు బందుచీల అరిగిపోయినది. పిడి చెదలు తినినది. రంధ్రములు బూడిదతో పూడినవి.

పాతబూడిదను మొదట పూర్తిగా దులుపవలెను. బూడిదకు చెమ్మ తగిలినచో క్షారము పుట్టి లోహమును తినివేయును. చిలుమును చింతపండుతోను, కొంచెము ఉప్పుతోను తోమవచ్చును; అందలి ఆమ్లము చిలుమును కరిగించును. కాని గంటలతరబడి నాననీయరాదు. ఇత్తడి రాగి, యశదముల మిశ్రమము. ఆమ్లము ఎక్కువైనచో యశదము పోయి ఎఱ్ఱని మచ్చలు తేలును. అడుగు పలకను ఇటుకపొడితో రుద్దరాదు. ఆ గీతలు పోగులను లాగును. మెఱుగునకై వార్నిషు పూయుటయు తగదు; వేడికి అది కాలును.

బందుచీలను కంచరివానిచే కొత్త ఇత్తడి కడ్డీతో వేయించితిమి. తగరము, సీసము కలిపిన మాటు ఇచ్చట పనికిరాదు. అది 183 డిగ్రీల సెంటిగ్రేడునకే కరుగగలదు. నిప్పులపెట్టె అంతకు మించి వేడెక్కును. ఎండిన టేకుతో క్రొత్త పిడి చేయించితిమి.

ఇక ముఖ్యమైన హెచ్చరిక. బొగ్గు మండునపుడు పుట్టు కార్బన్ మోనాక్సైడుకు రంగులేదు, వాసనలేదు. మూసిన గదిలో ప్రాణము తీయగలదు. కనుక గాలి బాగుగా ఆడు వసారాలోనో, ఆరుబయటనో మాత్రమే పని చేయవలెను. బొగ్గులను బయటనే రాజబెట్టి, పొగ పూర్తిగా తగ్గిన పిదప పెట్టెలో వేయవలెను. వేడిని మొదట తడిగుడ్డపై పరీక్షింపవలెను. ఈ పెట్టెలో వేడిని కచ్చితముగా అదుపుచేయుట సాధ్యము కాదు. కావున మన పొరుగున నేయు ఉప్పాడ జాందానీ వంటి పట్టు, జరీ చీరలపై దీనిని పెట్టరాదు. ఆ నేతకు 2009లో భౌగోళిక గుర్తింపు లభించినది. అంతటి పనితనమును ఒక నిప్పురవ్వ చెఱుపగలదు. పని ముగిసిన తరువాత నిప్పులను ఇనుపపళ్ళెములోనికి దించి ఆర్పవలెను. వేడి పెట్టెపై నీరు పోసినచో పలక వంగవచ్చును.

మా వసారాలో మేనత్తగారు పాత నూలుచీర నొకదానిని పరచి, పెట్టెనెత్తి, “బరువు పెరిగినదా, నా చేయి తగ్గినదా?” అని నవ్విరి. రెండు మడతలు తీసి పెట్టెను నా చేతికిచ్చిరి. మిగిలిన చీర నేను పూర్తిచేసితిని. అంచు కొంత వంకర పోయినది. ఆమె దానిని విప్పి, మరల నీరు చిలుకరించి, నాచేత సరిచేయించిరి. పెట్టెను బాగుచేయుట రెండువారముల పని. దానిని వాడుట నేర్చుకొనవలెనన్న, నేర్పువారు మనయెదుట ఉన్నప్పుడే నేర్చుకొనవలెను.