పాత పడవకు మారు స్తంభం

తెరచాప పడవలో అన్నిటికంటె ఎత్తుగా కనిపించేది స్తంభం. చూసేవారికి అది చాపను మోసే కర్ర మాత్రమే. అమరకోశంలో ఓడ స్తంభానికి కూపకమనీ, గుణవృక్షకమనీ పేర్లున్నవి. గుణమంటే తాడు, తాళ్ళు కట్టిన చెట్టు గుణవృక్షకం. పేరు పెట్టినవారు తాళ్ళను మరచిపోలేదు. స్తంభమూ, దానిని నిలబెట్టే తాళ్ళూ, ఆ తాళ్ళను పట్టి ఉంచే పడవా, ఈ మూడూ కలిసి ఒకే యంత్రం. ఒక పడవ స్తంభాన్ని ఊడదీసి మరొక పడవకు అమర్చబోయినప్పుడు ఈ సంగతి బాగా బోధపడుతుంది.

ఉత్తర ఐరోపా రేవులలో ఇట్టి పని తరచు జరుగుతూ ఉంటుంది. 1942లో స్వీడన్‌లోని గోటెన్‌బర్గ్‌లో ఫోక్‌బోట్, అనగా జనుల పడవ, అనే చిన్న పడవను మొదటిసారి నీటిలో దింపారు. పొడవు సుమారు 7.6 మీటర్లు, వెడల్పు 2.2 మీటర్లు, బరువు రెండు టన్నులకు కొంచెం తక్కువ. ఆ బరువులో దాదాపు సగం అడుగున బిగించిన ఇనుమే. సామాన్యులకు అందుబాటులో ఉండాలని రూపొందించినది కనుక వేల సంఖ్యలో తయారైనది. ఇటువంటి పడవ డొక్క యాభై అరవై ఏళ్ళు నిలిచినా, స్తంభం అంతకాలం నిలవకపోవచ్చు. కొత్త స్తంభం కొందామంటే ఒక్కొక్కప్పుడు పాత పడవ ఖరీదునే మించిపోతుంది. అందుచేత యజమాని, ఎవరో విప్పివేసిన మరో పడవ స్తంభం కోసం వెదుకుతాడు. పొడవు సరిపోతే చాలుననుకుంటాడు. దళసరిగా ఉంటే మరీ మేలనుకుంటాడు. రెండు ఊహలూ సరియైనవి కావు.

స్తంభం ఎంత భారానికి ఓర్చుకోవాలి? గాలి ఎంత బలంగా వీస్తే అంత, అని ఎవరైనా జవాబు చెబుతారు. కాని గాలి పెరిగినకొద్దీ పడవ ఒరుగుతుంది. ఒరిగినకొద్దీ చాప గాలికి ఎదురుగా నిలవక, గాలిని మీదుగా జారవిడుస్తుంది. కనుక స్తంభం మీద పడే భారాన్ని నిర్ణయించేది, ఒరగకుండా నిలబడటానికి పడవ చూపే మొండితనం. దానినే నిలదొక్కుకునే భ్రామకం అందాం. ఎంత మొండి పడవ అయితే స్తంభానికి అంత కష్టం. రెండు డొక్కలను పక్కపక్కన బిగించి కట్టే పడవలు (మన తూర్పు తీరపు కట్టుమరం పేరే వీటికి తగిలించారు, రూపం మాత్రం వేరు) దాదాపు ఒరగనే ఒరగవు. కాబట్టి అంతే పొడవున్న ఒంటిడొక్క పడవ స్తంభాన్ని తెచ్చి వాటికి పెడితే విరిగిపోయే ప్రమాదం ఉన్నది.

ఈ మొండితనాన్ని కొలవటానికి పెద్ద పరికరాలు అక్కరలేదు. గాలి లేని ఉదయాన, కదలని నీటిలో, 70 కిలోల మనిషి పడవ నడిమి గీత నుంచి మీటరు దూరం పక్కకు జరిగి నిలబడాలి. పడవ ఎన్ని డిగ్రీలు ఒరిగిందో లంబసూత్రంతో చూడాలి. పడవ బరువు 2000 కిలోలనీ, ఒరుగుదల రెండున్నర డిగ్రీలనీ అనుకుందాం. 70ని, 2000 × సైన్ 2.5° చేత భాగిస్తే 0.8 మీటరు వస్తుంది. గురుత్వ కేంద్రానికి పైన ఆధికేంద్రం ఎంత ఎత్తున ఉన్నదో చెప్పే సంఖ్య ఇది. దీనిని బట్టి 30 డిగ్రీలు ఒరిగినప్పుడు నిలదొక్కుకునే భ్రామకం 2000 × 0.8 × సైన్ 30°, అనగా 800 కిలోగ్రాం-మీటర్లు. (సైన్ సూత్రం చిన్న కోణాలకే కచ్చితం, 30 డిగ్రీల దగ్గర ఉజ్జాయింపుగా పనికివస్తుంది.)

ఇప్పుడు తీగల సంగతి. ఈ కాలపు పడవలలో తాళ్ళకు బదులు ఉక్కుతీగలు వాడతారు. పక్కతీగను పడవ అంచున, స్తంభానికి మీటరు దూరంలో కట్టారనుకుందాం. 800 కిలోగ్రాం-మీటర్ల భ్రామకానికి ఎదురు నిలవాలంటే గాలివైపు తీగ 800 కిలోల బలంతో క్రిందికి లాగాలి. ఆ లాగుడంతా స్తంభాన్ని నిలువునా నొక్కుతుంది. ముందుతీగ, వెనుకతీగ, చాపను ఎత్తే తాళ్ళు కూడా నొక్కేవే. అంతకంటె ఎక్కువ ఒరిగే సందర్భాలకూ అవకాశం ఉంచాలి. అందుకని నౌకాశిల్పులు చాలాకాలంగా ఈ సంఖ్యను 2.78 చేత హెచ్చవేస్తున్నారు. వచ్చేది సుమారు 2200 కిలోలు. పడవ మొత్తం బరువు 2000 కిలోలు మాత్రమే!

నిలువునా నొక్కిన సన్నని కర్ర నలగక ముందే వంగిపోతుంది. తరగతిలో ఒక చీపురుపుల్లను కాటా మీద నిలబెట్టి వేలితో నొక్కి చూపవచ్చు. అదే పుల్లను సగానికి విరిచి నొక్కితే, వంగటానికి దాదాపు నాలుగు రెట్ల బలం కావాలి. 18వ శతాబ్దంలో ఆయిలర్ కనుగొన్న నియమం ఇదే: వంచే బలం పొడవు వర్గానికి విలోమానుపాతంలో ఉంటుంది. 100 మిల్లీమీటర్ల వ్యాసమూ, 3 మిల్లీమీటర్ల గోడా ఉన్న అల్యూమినియం గొట్టాన్ని తీసుకుందాం. ఏ ఆసరా లేకుండా 9 మీటర్ల పొడవుంటే అది 940 కిలోల దగ్గరే వంగుతుంది. నడిమధ్య అడ్డుకమ్ములు పెట్టి, తీగలతో పక్కలకు పట్టి ఉంచితే ఒక్కొక్క భాగం నాలుగున్నర మీటర్లు; అప్పుడు 3700 కిలోలకు పైగా ఓర్చుతుంది. గొట్టం అదే. అడ్డుకమ్ములు లేకుండా స్తంభం ఒక్కటే కొనుక్కుని వచ్చినవాడు కొన్నది నాలుగోవంతు స్తంభమే.

అడ్డుకమ్ముల పొడవు కూడా మొదటి పడవ వెడల్పుకు తగినట్టు ఉంటుంది. కొత్త పడవ అంతకంటె ఇరుకైతే వాటిని కుదించాలి. కమ్మి కొన తీగ వంపులోని కోణాన్ని సరిగా రెండుగా ఖండించాలి. లేకపోతే కొన పైకో క్రిందికో జారుతుంది. స్తంభం పొడవు ఎక్కువైతే సాధారణంగా అడుగున కోయటమే మంచిది. పైభాగంలో కప్పీలూ, తీగలు తగిలించే అమరికలూ ఉంటవి. పైగా తుప్పు తిన్నది కూడా చాలాసార్లు అడుగుభాగమే.

తీగలు బొత్తిగా లేని స్తంభాలూ ఉన్నవి. 1960లో అట్లాంటిక్ సముద్రాన్ని ఒంటరిగా దాటే మొదటి పందెంలో హాస్లర్ అనే ఆంగ్లేయుడు ఫోక్‌బోట్ డొక్క ఆధారంగా కట్టిన జెస్టర్ అనే పడవలో చీనా తరహా చాపతో 48 రోజులలో రెండవవాడుగా చేరాడు. ఆ పడవ స్తంభానికి పక్కతీగలు లేవు. అట్టి స్తంభం నొక్కుడుకు గాక, పైకప్పు దగ్గర వంపుకు ఓర్చేటట్టు మొదలు లావుగా చేసి ఉంటుంది. డొక్క ఒకటే అయినా ఈ రకం స్తంభాన్ని ఆ రకంగా వాడరాదు.

ఇక దళసరి స్తంభం. పైన చెప్పిన గొట్టం 10 మీటర్లు 25 కిలోలు తూగుతుంది. గోడ మందం 5 మిల్లీమీటర్లైతే బిరుసు ఒకటిన్నర రెట్లు అవుతుంది గాని బరువు 40 కిలోలకు పెరుగుతుంది. అదే బిరుసును 116 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మిల్లీమీటర్ల గోడ ఉన్న గొట్టం 29 కిలోలతోనే ఇస్తుంది. ఎక్కువైన 15 కిలోలు పడవ గురుత్వ కేంద్రానికి సగటున 6 మీటర్ల పైన ఉంటే కేంద్రం నాలుగున్నర సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. 80 సెంటీమీటర్ల నిలకడలో నూటికి దాదాపు ఆరు పాళ్ళు పోతుంది. దానిని సరిచేయటానికి కేంద్రానికి మీటరు క్రింద 90 కిలోల ఇనుము వేయాలి.

అయితే బరువు ఎంత తగ్గితే అంత మంచిదనీ అనలేము. 1979 ఆగస్టులో ఇంగ్లండు నుంచి ఐర్లండు దగ్గరి ఫాస్ట్‌నెట్ శిల దాకా వెళ్ళి వచ్చే పందెంలో 303 పడవలు పాల్గొన్నవి. తుఫానులో 15 మంది పోటీదారులు మరణించారు. తరువాత జరిగిన పరిశోధనలలో, స్తంభం పోయిన పడవను విరుచుకుపడే అల మరింత సులభంగా తలక్రిందులు చేయగలదని తేలినది. కారణం జడత్వ భ్రామకం: అందులో దూరం వర్గమై వస్తుంది కనుక ఎత్తున ఉన్న కొద్ది ద్రవ్యరాశి కూడా హఠాత్తుగా పొర్లటాన్ని ఎదిరిస్తుంది. నా అభిప్రాయంలో పాత పడవకు, శిల్పి మొదట పెట్టిన స్తంభం బరువుకు దగ్గరగా ఉన్నదే క్షేమం.

స్తంభం నిలిచే పీఠాన్ని కొనుగోలుదారులు తరచు మరచిపోతారు. పడవ అడుగు దూలం మీద నిలిచే స్తంభాలున్నవి, పైకప్పు మీదనే నిలిచేవీ ఉన్నవి. రెండవ రకాన్ని తెచ్చినట్లయితే 2200 కిలోల నొక్కుడు అరచేయంత జాగా మీద పడుతుంది. పాత పైకప్పులో చెక్క చివికి ఉంటే అది కుంగిపోతుంది. క్రింద అడుగు దూలం దాకా గట్టి గుంజ ఉండవలసిందే. పీఠంలో నాణెం ఉంచే ఆచారం చాలా పాతది. 1962లో లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున బయటపడిన రోమన్ ఓడ పీఠంలో డొమిషియన్ చక్రవర్తి కాలపు కంచు నాణెం దొరికినది. కొయ్య స్తంభానికి దానివల్ల హాని లేదు. అల్యూమినియం స్తంభం క్రింద రాగి నాణెం పెడితే మాత్రం ఉప్పునీరు తగిలి అది విద్యుత్ ఘటమవుతుంది, తినబడేది అల్యూమినియమే. తుప్పుపట్టని ఉక్కు మరలు బిగించిన చోట్ల తెల్లని పొడి కనిపిస్తే జరుగుతున్నది ఇదే. ఉప్పునీటిలో అల్యూమినియం రేకూ, ఉక్కు చెంచా ఉంచి గాల్వనామీటరుకు కలిపితే విద్యార్థులు ముల్లు కదలటం చూడవచ్చు. కొనేముందు ప్రతి మర చుట్టూ చూడాలి; బిగించేటప్పుడు రెండు లోహాల మధ్య ప్లాస్టిక్ పొర వేయాలి.

స్తంభాన్ని నిలిపిన తరువాత తీగలను కొద్దికొద్దిగా, రెండు పక్కలా సమంగా బిగించాలి. స్తంభం వెనుకకు వాలితే చాప మీది బలకేంద్రం వెనుకకు పోయి, పడవ తనంతట తాను గాలివైపు తిరగజూస్తుంది; చుక్కాని పట్టినవాని చేయి ఆ సంగతి చెబుతుంది. ముందుతీగను కాస్త కుదిస్తే అది తగ్గుతుంది. ఓ మోస్తరు గాలిలో పదిహేను ఇరవై డిగ్రీలు ఒరిగినప్పుడు, గాలి పోయేవైపు తీగ అప్పుడే వదులవటం మొదలుపెట్టాలి. కొత్త తీగలు కొంచెం సాగుతవి కనుక మొదటి ప్రయాణాల తరువాత మరొకసారి బిగించవలసి ఉంటుంది.